ముత్తయిదువ దావా

ఏటిగట్టుపాలెం,
12 నవంబరు 2024.

చిట్టెమ్మ వదినగారికి, నాగదుర్గ నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. మీరు మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారో, బద్ధకిస్తున్నారో తెలియదు. చెవులు వినపడక ఫోను మూలన పడేశానని రాశారు కాబట్టి ఈ సంగతి ఉత్తరంలోనే చెప్పాల్సి వస్తోంది. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం ఎలాగూ లేదు.

పోయిన వారం కోర్టు తీర్పు వచ్చింది. మీ తమ్ముడుగారు చనిపోయినట్టేనని అందులో ఉంది. ఏడేళ్ళు దాటినా మనిషి కబురు అయినవాళ్ళెవరికీ అందకపోతే చట్టం ఆ మనిషిని పోయినట్టే చూస్తుందట. ఆ దావా వేసింది నేనే. చేపల చెరువుకి లీజుకిచ్చిన చేను ఆయన పేరునే ఉండిపోయి ఏ కాగితమూ కదలడం లేదని మా అమ్మాయి దేవిశ్రీ, అల్లుడు ఎప్పట్నుంచో పోరుతున్నారు. లాయరు లోకనాథ్ గారు, "కాగితం మీద మాటేనమ్మా, మీ మనసులో ఉన్నది మీ మనసులోనే ఉంటుంది" అన్నారు. సంతకం పెట్టాను.

కోర్టులో నన్ను నిలబెట్టి అడిగారు. ఆ కార్తీకమాసంలో ఆయన తెల్లవారుజామున స్నానానికి రేవుకి వెళ్ళడం, పంచె, కండువా గట్టు మీద మడతపెట్టి ఉండటం, జాలర్లు ఎంత వెతికినా ఏమీ దొరక్కపోవడం చెప్పాను. కళ్ళజోడు మాత్రం గట్టు మీద లేదని కూడా చెప్పాను. గోదాట్లో మునగబోయేవాడు కళ్ళజోడు పెట్టుకుని దిగుతాడా అని ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. అడగలేదు.

ఆయన ఎక్కడో ఉన్నారని మీరు నమ్ముతారు. నేనూ నమ్ముతాను. బొట్టు, తాళి తీయలేదు. పురోహితుడు గారు కూడా, "శాస్త్రం పన్నెండేళ్ళు ఆగమంటుందమ్మా. అప్పటికీ రాకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తాం. అప్పటిదాకా మీరు ముత్తయిదువే" అన్నారు. మీరు బెంగ పెట్టుకోకండి.

మీ
నాగదుర్గ


జంగారెడ్డిగూడెం,
25 నవంబరు 2024.

చి.ల.సౌ. నాగదుర్గను ఆశీర్వదించి చిట్టెమ్మ రాయునది.

సౌభాగ్యవతి అని రాయబోయి కలం ఆపాను. తర్వాత రాశాను. పురోహితుడు చెప్పాడని కాదు, నా తమ్ముడు పోలేదని.

నన్ను ఒక్క మాట అడగాల్సింది. అయినవాళ్ళెవరికీ కబురు లేదని కోర్టుకి చెప్పారు కదా, ఆ అయినవాళ్ళలో నేను లేనా? ఒక ఉత్తరం ముక్క రాసి, "వదినా, మీకేమైనా తెలిసిందా" అని అడిగితే నీ చెయ్యి అరిగిపోయేదా? నాకు ఏమీ తెలియదనే రాసేదాన్ని. అయినా అడగాల్సింది.

ఇక్కడ నాకు మాట్లాడే మనిషి లేదు. మేడ మీద అద్దెకున్న వాళ్ళు దండం పెట్టి దిగిపోతారు. పామాయిలు గెలల లారీలు ఇంటి ముందు నుంచే వెళతాయి. చప్పుడు లేదు, కిటికీ అద్దాలు అదరడమే తెలుస్తుంది. రోజంతా మొహాలు చూస్తూ కూర్చుంటాను. ప్రతి శివరాత్రికీ పట్టిసీమ వెళ్ళి అక్కడ కూడా మొహాలే చూస్తాను. వాడి మొహం కోసమని నీకు తెలుసు. ఈసారీ వెళతాను. కోర్టు పోయాడందని మానను.

చిట్టెమ్మ


ఏటిగట్టుపాలెం,
9 జనవరి 2025.

వదినగారికి నమస్కారాలు.

మీ కోపం న్యాయమే. ఇన్నాళ్ళూ జవాబు రాయలేకపోయాను.

మొన్న అప్పాజీ గారి మనవరాలి ఓణీల ఫంక్షనుకి వెళ్ళాను. అప్పాజీ గారు ఇప్పుడు మన అమ్మవారి గుడి కమిటీకి ప్రెసిడెంటు. వాళ్ళ కోడలు కుంకుమ భరిణె పట్టుకుని ఆడవాళ్ళకి వరసగా బొట్టు పెడుతూ వచ్చింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆగింది. నా మొహం చూసింది, భరిణెలోకి చూసింది, పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయింది. అందరూ తమ చీర కొంగులు సర్దుకున్నారు.

మర్నాడు అప్పాజీ గారే ఇంటికొచ్చారు.

"ఏమీ అనుకోకండి నాగదుర్గ గారూ. ఈ ఏడు జాతరలో అమ్మవారి సారె మొదటి పళ్ళెం మా కోడలు ఎత్తుకుంటుందండి."

"ఆ పళ్ళెం మా అత్తగారి అత్తగారి నుంచీ ఈ ఇంటిదండి" అన్నాను.

"ఇల్లు కాదన్నానా? పళ్ళెం ముత్తయిదువ ఎత్తాలి కదండి. చంద్రరావు లేడని కోర్టే చెప్పింది. మేం సొంతంగా అన్న మాట కాదు."

"శాస్త్రం పన్నెండేళ్ళు ఆగమందండి."

"మీరు ఆగలేదు కదండి" అన్నారాయన, మెల్లగానే.

ఆయన వెళ్ళాక అరుగు మీదే కూర్చుండిపోయాను. ఏడాదంతా ఈ ఇంట్లో నేను, సీలింగు ఫ్యానూ. సారె రోజు మాత్రం వంటింట్లో చలిమిడి కలిపేవాళ్ళు కలుపుతుంటారు, నడవలో జడలు వేసుకునేవాళ్ళు వేసుకుంటుంటారు, కాలు పెట్టడానికి చోటుండదు. నాకు పళ్ళెం మీద మోజు లేదు వదినా. ఆ ఒక్కరోజు పోతుందని భయం.

లోకనాథ్ గారి దగ్గరికి వెళ్ళి కమిటీ మీద దావా వేయమన్నాను. "నవ్వుతారమ్మా" అన్నారు. నవ్వుకోనివ్వండి అన్నాను.

నాగదుర్గ


జంగారెడ్డిగూడెం,
2 ఫిబ్రవరి 2025.

చి. నాగదుర్గకు, చిట్టెమ్మ ఆశీస్సులు.

భరిణె నిన్ను దాటిపోయిన సంగతి చదివితే నాకు ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో చెబుతాను.

మా ఆయన పోయేనాటికి నాకు ముప్పై నిండలేదు. ఆ ఏడు జాతరకి పుట్టింటికి వచ్చాను. నువ్వు కొత్త కోడలివి. మా అమ్మ నీ చేతికి పళ్ళెం ఇచ్చి, నావైపు తిరిగి, "నువ్వు లోపలికెళ్ళు తల్లీ, సారె గడప దాటేటప్పుడు ఎదురు రాకూడదు" అంది. కసిరి అనలేదు. ముద్దుగానే అంది. పడమటి గదిలో తలుపు వెనక నిలబడి డప్పులు విన్నాను. అప్పుడు నాకు చెవులు బాగా పనిచేసేవి. ఆ తర్వాత ఎన్ని జాతరలకి వచ్చానో, అన్నిసార్లూ అదే తలుపు.

నిన్ను ఒకసారి దాటారు, నువ్వు కోర్టుకెళ్ళావు. నేను ఏ కోర్టుకి వెళ్ళాలి? నీ దావా గెలిస్తే పళ్ళెం నీకొస్తుంది. నా తలుపు అలాగే ఉంటుంది. నువ్వు అడుగుతున్నది నీ ఒక్కదాన్ని ఇవతలికి లాగమని. తలుపు తీయమని కాదు.

దావా మానేయమని చెప్పను. వాడు బతికున్నాడని ఒక్క మనిషైనా నలుగురిలో నిలబడి అనాలి. కానీ పైన నీ పేరు ముందు ఎప్పుడూ రాసే మాట ఈసారి రాయబుద్ధి కాలేదు. చూసుకునే ఉంటావు.

చిట్టెమ్మ


ఏటిగట్టుపాలెం,
20 ఫిబ్రవరి 2025.

వదినగారికి,

చూసుకున్నాను. మీరడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు రాస్తే అబద్ధం అవుతుంది.

నిన్న వాయిదాకి కొవ్వూరు వెళ్ళాను. కమిటీ తరఫు లాయరు లేచి, "ఇది కోర్టు టైము పాడుచేసే పనికిమాలిన దావా అండి. నిరుడు ఇదే కోర్టులో భర్త లేడని తీర్పు తీసుకున్నారు. ఇప్పుడు ఉన్నాడంటున్నారు. ఏది నిజమో ఆవిణ్ణే అడగండి" అన్నాడు. వెనక బెంచీల్లో నవ్వారు.

జడ్జి గారు మన దేవిశ్రీ వయసు అమ్మాయి. నవ్వలేదు. "అమ్మా, బొట్టు తీసేయమని ఈ కోర్టు చెప్పలేదు. పళ్ళెం ఎవరెత్తాలో చెప్పడం మా పని కాదు. మీకు నిజంగా ఏం కావాలి?" అని అడిగింది.

"నాకిచ్చిన తీర్పు చేను వరకేనండి, ఇంట్లోకి రాదని ఒక్క ముక్క రాసివ్వండి" అన్నాను.

ఆ పిల్ల, "మీ ఆయన ఉన్నారని మీకంత నమ్మకం ఉంటే తీసుకురండి. అన్ని గొడవలూ ఆ రోజుతో పోతాయి" అని ఉగాది వెళ్ళాక వాయిదా వేసింది.

రాత్రి దేవిశ్రీ ఫోను చేసింది. "నాన్న లేడని ఏడ్చి ఏడ్చి ఇప్పుడిప్పుడే ఊరుకున్నానమ్మా. మళ్ళీ ఎందుకు తవ్వుతున్నావు?" అంది.

నాగదుర్గ


జంగారెడ్డిగూడెం,
3 మార్చి 2025.

చి.ల.సౌ. నాగదుర్గకు, ఆశీస్సులు.

నేను క్షేమం. ఎండలు అప్పుడే ముదిరాయి. మేడ మీద వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. జీడితోటలు పూత మీదున్నాయి, ఈ ఏడు కాపు బాగుంటుందంటున్నారు.

దావా సంగతి ఆలోచించాను. వెనక్కి తీసేసుకో. కోర్టుల చుట్టూ తిరిగే వయసు కాదు నీది. అప్పాజీ కోడలే ఎత్తుకోనీ ఆ పళ్ళెం. ఆరోగ్యం జాగ్రత్త.

చిట్టెమ్మ


ఏటిగట్టుపాలెం,
12 మార్చి 2025.

వదినగారూ,

శివరాత్రికి పట్టిసీమ వెళ్ళొస్తే మీరెప్పుడూ రెండు పేజీలు రాస్తారు. ఎవరి మొహం చూసి ఆయనేమో అనుకున్నారో, దగ్గరికి వెళితే ఎవరయ్యారో రాస్తారు. ఈసారి జీడిపూత గురించి రాశారు. పోయినసారి తీసేసిన మాట మళ్ళీ నా పేరు ముందు పెట్టారు. పెట్టి, దావా మానేయమన్నారు.

ఆయన్ని చూశారా? చూశాననో లేదనో ఒక్క మాట రాయండి. ఇంకేమీ రాయకపోయినా ఫర్వాలేదు.

నాగదుర్గ


జంగారెడ్డిగూడెం,
20 మార్చి 2025.

నాగదుర్గా,

చూశాను.

పడవ దిగి ఇసకలో గుడివైపు నడుస్తుంటే దారిలో మజ్జిగ పంచుతున్నారు. ఎగువన ఏదో చిన్న ఆశ్రమం వాళ్ళట. గ్లాసు అందించిన చేతికి చూపుడువేలు వంకరగా ఉంది. చిన్నప్పుడు మా పశువులపాకలో కొడవలితో తెగితే నా ఓణీ చింపి కట్టు కట్టిన వేలు అది. తలెత్తి చూస్తే గెడ్డం, కాషాయం. "చంద్రం" అన్నాను.

వాడేదో అన్నాడు. నాకు వినపడదని సైగ చేస్తే గ్లాసులు పక్కవాళ్ళకిచ్చి, నన్ను ఎడంగా తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. "నేను అక్కా అనకూడదమ్మా. సన్యాసం పుచ్చుకున్న రోజున అమ్మకీ నాన్నకీ పిండం పెట్టి, నాక్కూడా పెట్టుకున్నాను. ఆ మనిషి పోయాడు."

చెంప మీద కొట్టాను. జనం చూశారు. వాడు కళ్ళజోడు సరిచేసుకున్నాడు.

"ఎందుకురా ఇలా చేశావు" అన్నాను.

"ఎందుకో చెప్పడం చేతనైతే చెప్పే వచ్చేవాణ్ణి" అన్నాడు. నువ్వేమైనా అన్నావా, ఇంట్లో ఏమైనా జరిగిందా అని గుచ్చి గుచ్చి అడిగాను. "ఆవిడ తప్పు ఇంతైనా లేదు" అన్నాడు. ఆ ఒక్క మాట నీకు చేరాలి.

దావా సంగతి చెప్పాను. "నేను రావడం వల్ల ఆవిడకి మేలు జరుగుతుందంటే కోర్టుకొస్తాను" అన్నాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి నీకు రాయలేకపోయాను. చట్టం పోయాడంది. శాస్త్రాన్ని అడిగితే, తన పిండం తనే పెట్టుకున్నవాడు పోయినట్టే అంటుంది. మనిషి చూస్తే ఎండలో నిలబడి మజ్జిగ పంచుతున్నాడు. దీన్ని ఏమని రాయను? పైన నీ పేరు ముందు ఏం పెట్టాలో తెలియక ఈసారి ఏమీ పెట్టలేదు. కోపంతో కాదు.

వాయిదా ఏ రోజో రాయి. ఆశ్రమానికి కబురు పంపిస్తాను.

చిట్టెమ్మ


ఏటిగట్టుపాలెం,
28 మే 2025.

వదినా,

తేదీ తెలియజేసి మళ్ళీ ఉత్తరం రాయనందుకు ఏమనుకున్నారో. రాద్దామని కూర్చోవడం, లేచిపోవడం. ఆయన రాలేదని మీ వరకు వచ్చి ఉంటుంది. నేను కోర్టులో చెప్పింది అదే. జరిగింది వేరు. మీకొక్కరికే రాస్తున్నాను.

ఆయన వచ్చారు. నేను వెళ్ళేసరికే కోర్టు ఆవరణలో, బళ్ళు పెట్టే రేకుల షెడ్డు కింద నిలబడి ఉన్నారు. దూరం నుంచే గుర్తుపట్టాను. ఆ నిలబడే తీరు గెడ్డానికి దాగదు. ఆయనా నన్ను చూశారు. దగ్గరికి వెళ్ళలేదు. లోకనాథ్ గారికి చూపించనూ లేదు. పిలిచినప్పుడు ఆయనే వస్తారులే అనుకున్నాను.

మా కేసు వచ్చింది. "మీ ఆయన వచ్చారా అమ్మా?" అని జడ్జి గారు అడిగి, పిలవమని బంట్రోతుకి చెప్పారు. అతను వరండాలోకి వెళ్ళి "చంద్రరావూ" అని కేకేశాడు. నేను నిలబడిన చోటికి కిటికీలోంచి షెడ్డు కనపడుతోంది. మొదటి కేకకి ఆయన తల తిప్పారు. రెండో కేకకి ఒక అడుగు ముందుకేశారు. మూడోసారి పిలిచేసరికి ఆ అడుగు మీదే ఆగి కళ్ళు మూసుకున్నారు.

ఒప్పుకుని అంత దూరం వచ్చిన మనిషి వదినా. మాట తప్పాలని కాదు. ఆ పేరు పిలిస్తే ఆయనలో పలికేవాళ్ళు లేరు.

నేను వేలు పెట్టి చూపిస్తే చాలు. అప్పాజీ గారు ఎదురుగానే కూర్చున్నారు, ఆయన మొహం మాడిపోయేది. కానీ లోపలికి పిలిచి, ఈమె మీ భార్యేనా అని అడిగితే ఆయన ఏమంటారు? నలుగురిలో ఆ మాట ఆయన నోటితో వినడం నా వల్ల కాదనిపించింది.

"రాలేదండి" అన్నాను.

సారె పళ్ళెం కోర్టు తేల్చే హక్కు కాదని దావా కొట్టేశారు. అవతలి లాయరు ఖర్చులు ఇప్పించమన్నాడు. "అక్కర్లేదు, కూర్చోండి" అంది జడ్జి గారు.

బస్టాండుకి వచ్చేసరికి ఆయన సిమెంటు బెంచీ మీద ఉన్నారు. పక్కనే కూర్చున్నాను. మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత ఎడం.

"పలకలేకపోయాను" అన్నారు.

"చూశానండి. అన్నం తిన్నారా?"

"తిన్నానమ్మా."

అమ్మా అన్నారు. పెళ్ళయిన మర్నాటి నుంచీ దుర్గా అని పిలిచిన నోరు.

అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. రేవులో బట్టలు మడతపెడుతున్నప్పుడు ఇంటివైపు ఒక్కసారైనా చూశారా అని అడగాలనుకున్నాను. అడగలేదు. తోపుడుబండి మీద అరటిపళ్ళు కొని ఇచ్చాను. రెండు చేతులతో అందుకున్నారు. భిక్ష ఇచ్చిన ఆడవాళ్ళందరినీ దీవించే అలవాటు కాబోలు, చెయ్యెత్తి "దీర్ఘ సుమంగళీ భవ" అన్నారు.

అన్నాక తెలిసింది ఆయనకి. ఎత్తిన చెయ్యి దించలేక అలాగే ఉండిపోయారు.

"అది నిజం కావాలంటే మీరు చాలాకాలం బతకాలండి" అన్నాను. "ఎండలో తిరక్కండి."

పోలవరం బస్సొచ్చింది. ఎక్కారు. కిటికీ పక్కన సీటు దొరికింది. ఇటు చూశారో లేదో, అద్దం మీద ఎండ పడి కనపడలేదు.

ఆ రాత్రి దేవిశ్రీ ఫోను చేసి, "నాన్న వచ్చాడా?" అని అడిగింది. రాలేదన్నాను. ఏడ్చింది. ఆ తర్వాత పిల్లలకి స్కూలు బట్టలు కొన్న సంగతి చెప్పింది. దాన్ని ఇంక కదపదలచుకోలేదు.

జాతర పోయిన ఆదివారం అయింది. సారె మన వీధిలోంచే వెళ్ళింది. ఇంతకు ముందు మన గుమ్మం దగ్గరే అందరూ చేరేవాళ్ళు. ఈసారి అప్పాజీ గారింటి నుంచి బయలుదేరి మనింటి ముందు ఆగకుండా వెళ్ళిపోయారు. వెనకబడ్డ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు లోపలికి చూశారు. నేను కుర్చీలోంచి లేవలేదు. పొద్దున్న బొట్టు పెట్టుకున్నాను, రోజూ పెట్టుకుంటున్నాను. ముత్తయిదువనని కాదు. అది ఎవరు ఇచ్చారో, ఎవరు తీసేసుకున్నారో ఇంక నేను ఎవర్నీ అడగను.

ఒకటే కష్టంగా ఉంది. మొన్న పెద్ద గాలివాన వచ్చింది. ఆశ్రమం పైకప్పు ఎలాంటిదో, తడిశారేమో అనుకున్నాను. పైకి అందామంటే పక్కన ఎవరూ లేరు. ఉన్నా అనకూడదు. ఊరికి ఆయన లేరు, అమ్మాయికి లేరు, కోర్టుకి లేరు, ఆయనకే ఆయన లేరు. ఆయన తడిశారేమో అని దిగులుపడే వాళ్ళం ఈ భూమ్మీద మనమిద్దరమే ఉన్నాం.

మేడ మీద వాళ్ళు కూడా ఖాళీ చేశారని రాశారు కదా. వచ్చేయండి వదినా. ఎన్నాళ్ళుంటారో అడగను.

మీ
నాగదుర్గ